మంజుల పెట్టిన పథ్యం

చిక్కడపల్లిలోని ఆ ఇంట్లో కాలం రెండు ముక్కలు. మంజుల ఆపరేషన్‌కు ముందు, మంజుల ఆపరేషన్ తర్వాత. ఫ్రిజ్ ఎప్పుడు కొన్నారంటే ఆపరేషన్‌కు ముందు. మేడ మీద రేకులు ఎప్పుడు వేశారంటే ఆపరేషన్ అయిన మరుసటి ఏడు. ఈ లెక్క మంజుల పెట్టింది కాదు, ఇంట్లోవాళ్ళకే అలవాటైపోయింది. కానీ ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె ముఖంలోకి వచ్చే కళ చూడాలి మీరు!

మరి అల్లాటప్పా ఆపరేషనా అది? కాలేయంలో కొబ్బరికాయంత నీటిగడ్డ. కుక్క పేగుల్లో ఉండే పురుగు గుడ్లు తిండిలోనో, చేతికంటుకునో మనిషి కడుపులోకి పోతే, కాలేయంలో చేరి ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా పెరిగే గడ్డ అది. సంచీలా ఉంటుంది. దాని నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో కంటికి కనపడని పిల్ల పురుగులు. అప్పట్లో పెద్ద డాక్టరు కుడి పక్కటెముకల కింది నుంచి బొడ్డు పైదాకా కోసి దాన్ని తీశాడు. ఆ తర్వాత లోపల పైత్యరసం కారుతోందని పక్కన గొట్టం పెట్టి, దానికి సంచీ వేలాడదీశారు. ఆ సంచీ పట్టుకుని మంజుల ఆస్పత్రి వరండాలో నడుస్తుంటే చూడటానికి వచ్చిన చుట్టాలకు కూర్చోను చోటు లేదు. ఇల్లంతా హార్లిక్స్ సీసాలే!

అది మొదలు, ఏ పెళ్ళిలోనైనా, పేరంటంలోనైనా ఎవరన్నా కడుపునొప్పి మాట ఎత్తితే చాలు, "మీదేం నొప్పి, ఇది చూడుండ్రి" అని మంజుల వాళ్ళను పక్క గదిలోకి తీసుకుపోయేది. కొంగు జరిపి మచ్చ చూపించేది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

ఇంట్లో ఆమె మాటకు అంతటి విలువ రావటానికీ ఆ మచ్చే కారణం. ఆమె భర్త శ్రీపతి, మరిది ఉదయ్ కుమార్ కలిసి అశోక్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతారు. మంజుల బరువెత్తదు, బజారుకు పోదు. దుకాణం వంటింట్లో గ్యాస్ పొయ్యి ముందు స్టూలు వేసుకుని కూరలు వండిస్తుంది, ఉప్పూకారం ఆమె చెప్పినంతే. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మంజులను అడగాలి, ఆ తర్వాతే డాక్టరు. అత్త హనుమమ్మ లోకంలో ఎవరినీ లెక్కచేసే మనిషి కాదు. ఆవిడ కూడా "చావుదాకా పోయొచ్చిన పిల్ల, దానికి తెలుసు" అని నోరు మూసుకునేది.

ఇక స్నేహలత సంగతి. స్నేహలత మంజులకు యారాలు, అంటే ఉదయ్ కుమార్ భార్య. మంజులకు ఆపరేషన్ అయ్యేనాటికి ఆమె కొత్తకోడలు. కాళ్ళ పారాణి ఆరకముందే ఆస్పత్రిలో తోడికోడలికి ఒళ్ళు తుడిచింది, జడ వేసింది, ఆ పైత్యం సంచీ ఖాళీ చేసింది. ఇంటికొచ్చి శ్రీపతి పెంచుకునే కుక్కకు కూడా ఆమే తిండి పెట్టింది. ఇదంతా మంజుల మర్చిపోలేదు. మర్చిపోయినా బాగుండేది. ఒళ్ళు చచ్చుపడి ఎవరి చేతుల్లో పడున్నామో, ఆ మనిషిని చూస్తే ప్రేమ ఎంత పుడుతుందో ఉక్రోషమూ అంతే పుడుతుంది. "నాకూ ఒకరోజు రాకపోతదా, నేనూ చేసి చూపియ్యకపోతనా" అని మంజుల లోలోపల ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉంది.

పైగా కర్రీ పాయింట్‌లో గల్లా మీద కూర్చునేది స్నేహలత. అశోక్‌నగర్ అంటే తెలుసు కదా, ఊళ్ళనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలతో కిటకిటలాడిపోతుంది. వాళ్ళందరికీ ఆమె "స్నేహక్క". వేడికి చెమటలు కక్కుతూ వంటింట్లోంచి మంజుల బయటికొస్తే మాత్రం "నమస్తే ఆంటీ!" ఇద్దరికీ తేడా ఆరేళ్ళు. ఆరేళ్ళకే అక్క ఆంటీ ఎట్లయితుందో ఆ గ్రూప్స్ చదివే మేధావులే చెప్పాలి. మంజుల కళ్ళల్లో నిప్పులు పోసుకునేది.

ఈ వానాకాలం మొదట్లో అన్నం గంజు దించబోయి స్నేహలత కుడిపక్క పట్టుకుని కూలబడింది. స్కానింగ్ తీయించారు. రిపోర్టు పట్టుకుని నారాయణగూడలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌కు పోయారు. తోడుగా పోయింది మంజులే. మరి ఎవరు పోవాలి, అనుభవమున్న మనిషి ఉండగా?

డాక్టర్ అనూహ్య చిన్నవయసు మనిషి. గలగలా మాట్లాడుతుంది. రిపోర్టు చూసి, "హైడాటిడ్ సిస్ట్. కాలేయంలో నీటిగడ్డ" అంది.

మంజుల కుర్చీలోంచి లేచింది. "నాకొచ్చిందే! అమ్మో, నాకొచ్చిందే దీనికీ వచ్చింది!" అంటూ స్నేహలత చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ భయం నిజం. కానీ అబద్ధమెందుకు, ఆ భయం కింద ఎక్కడో చిన్న సంబరం కూడా కదిలింది. ఇన్నేళ్ళకు తన వంతు వచ్చింది. ఇక ఒళ్ళు తుడిచేది తను, సంచీ ఖాళీ చేసేది తను, మూలుగుతుంటే పక్కన కూర్చుని "నాకు తెల్వదా తల్లీ" అనేది తను.

"ఇంట్లో కుక్క ఉండేదా?" అని డాక్టర్ అడిగింది.

"ఉండె మేడమ్, మా బావగారు సాదిండు. ఎనక మటన్ దుకాణం కాడ పచ్చి పేగులు తిని తిరుగుతుండె. అక్క దవాఖానల ఉన్నప్పుడు నేనే చూసుకున్న" అంది స్నేహలత.

"అయితే ఇద్దరికీ దాని చలవే. ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు, బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. భయం లేదు. లాప్రోస్కోపీ చేద్దాం."

"లేజరా?" అని మంజుల అడిగింది.

"అందరూ అలాగే అంటారు. లేజర్ కాదమ్మా. పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెడతాం. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పనిముట్లు. టీవీలో చూస్తూ చేస్తాం."

"మరి కోసుడు?"

"లేదు."

"గొట్టం?"

"అవసరమైతే ఒకట్రెండు రోజులు. లేకపోతే అదీ లేదు."

"దవాఖానల ఎన్ని దినాలు పండాలె?"

"మూడు నాలుగు రోజులు. కొన్నాళ్ళకు ఆ మచ్చలు వెతుక్కుంటే గానీ కనపడవు."

మంజులకు కడుపు మండింది, సరిగ్గా ఆ పొడుగాటి మచ్చ ఉన్న చోటే మండింది. "మరి నాకెందుకు చెయ్యలే గట్ల?" అని అడిగేసింది. నవ్వుతూనే అడిగింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"గడ్డ ఉన్న చోటును బట్టి, సైజును బట్టి ఉంటుందమ్మా. ఇప్పటికీ అందరికీ ఈ పద్ధతి కుదరదు. ఈమెకు అదృష్టం బాగుంది, గడ్డ పైపైనే ఉంది."

అదృష్టం! ఎప్పుడూ దానికే ఉంటుంది, అనుకుంది మంజుల.

నర్సు వచ్చి స్నేహలతను రక్తపరీక్షకు తీసుకుపోయింది. గదిలో మంజుల ఒక్కతే మిగిలింది. డాక్టర్ మందుల చీటీ రాస్తూ తలెత్తి, "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అంది.

"నేనే."

"అయితే మీకే చెప్పాలి. ఇవి పురుగును చంపే గోలీలు. గడ్డను మేము ముట్టుకోకముందే లోపల పురుగు చావాలి. పగలొకటి, రాత్రొకటి. ఒట్టి చారన్నంతో వేసుకుంటే ఈ మందు ఒంటికి పట్టదు. కొవ్వు ఉన్న తిండితోనే పడుతుంది. నెయ్యి, వెన్న, మీగడ, ఏదైనా సరే. గోలీ వేసుకునే పూట బాగా నెయ్యి వేసి పెట్టండి. మర్చిపోకండి."

"ఎట్ల మర్చిపోత మేడమ్" అంది మంజుల.

చెబుదామనే అనుకుంది. మెట్లు దిగుతూ అనుకుంది, ఆటో ఎక్కుతూ అనుకుంది. ఆటో మెట్రో పిల్లర్ల కింద మలుపు తిరుగుతుండగా స్నేహలత వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. "ఏం లేదే అమ్మా, పరేషాన్ కాకు. నాలుగు పొక్కలు పెడ్తరట, నాలుగు దినాలల్ల ఇంటికొస్తనట. మా అక్క లెక్క కోసుడు గీసుడు ఏం లేదు" అని కిలకిలా నవ్వింది.

ఏం లేదే! ఆ ముక్క మంజుల చెవిలో గుచ్చుకుపోయింది. తన కడుపు సగం చీల్చి, పైత్యం సంచీ మోసి, చుట్టాల కళ్ళనీళ్ళు చూసి వచ్చిన జబ్బు, దీనికి 'ఏం లేదే'నా?

ఇంట్లో అడుగు పెట్టగానే అందరూ మంజుల చుట్టూ మూగారు. "ఏం పెట్టాలన్నది డాక్టరమ్మ?" అని హనుమమ్మ అడిగింది.

మంజుల చెప్పులు విప్పుతూ, "పథ్యం" అంది. "నూనె, నెయ్యి ముట్టొద్దు."

మాట నోట్లోంచి జారిపోయింది. జారిపోయాక వెనక్కి తీసుకోవడం ఎంత తేలికో! "నెయ్యి వెయ్యమంది అత్తమ్మా" అంటే అయిపోయేది. కానీ హనుమమ్మ అప్పటికే తల ఊపేసింది. "మరి! లివర్ రోగానికి నెయ్యి ఇసమే గదా. మా చెల్లెకు కామెర్లయినప్పుడు గట్లనే ఉత్త చారు పోసిండ్రు." శ్రీపతీ తలూపాడు. ఉదయ్ కుమార్, "వదిన ఎట్లంటే అట్లనే" అన్నాడు. మంజుల మాట కాదనే మనిషి ఆ ఇంట్లో ఎవరున్నారు కనుక?

అట్లా మొదలైంది పథ్యం. మిరియాల చారు, ఉప్పేసి ఉడకబెట్టిన బీరకాయ, వెన్న తీసిన పల్చటి మజ్జిగ. స్నేహలత ఒక్క మాట అనకుండా తినేది. గోలీ వేసుకునేది. మంజుల ఎదురుగా కూర్చుని చూసేది. "నేను తినలేదా ఇదే తిండి? నేను బతకలేదా?" అని తనకు తనే సర్దిచెప్పుకునేది. ఒక్కోసారి లోపలినుంచి ఇంకో మాట వచ్చేది, "ఓ నాలుగు దినాలు ఎక్కువ పంటే ఏం పోయింది దానికి?" ఆ మాటకు తనకే సిగ్గేసి లేచి పోయి గిన్నెలు సర్దేది. అయినా నెయ్యి డబ్బా మూత మాత్రం తీయలేదు.

కొన్ని వారాల తర్వాత స్నేహలత ఒక్కతే నారాయణగూడ పోయి మళ్ళీ స్కానింగ్ తీయించుకుని వచ్చింది. వచ్చి బల్ల మీద సంచీ పెట్టి, "గడ్డల ఎక్కువ మార్పు లేదటక్కా. గోలీలు ఇంకొన్ని దినాలు వాడుమన్నది. ఆపరేషన్ తారీఖు ఎనుకకు పోయింది" అంది. ఆ తర్వాత మంజుల ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. మంజుల చప్పున పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించింది. తగ్గించాల్సిన పనేమీ లేదు, మీద ఉన్నవి మంచినీళ్ళు.

ఆ మధ్యాహ్నం మంజుల నెయ్యి డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారు. సరే, చెప్పకుండానే నెయ్యి వేసేద్దాం, డాక్టరమ్మ కొత్తగా చెప్పిందని అందాం అనుకుని స్నేహలత రాత్రి అన్నం తినేది దుకాణంలోనే కాబట్టి సాయంత్రం అక్కడికి నెయ్యి డబ్బా కూడా తెచ్చుకుంది. అప్పుడే సాగర్ అని రోజూ పప్పు పార్శిల్ కోసం వచ్చే పిల్లవాడు తగలడ్డాడు. "ఆంటీ, స్నేహక్కకు ఆపరేషనట గదా? లేజరే గదా? ఇప్పుడేముందాంటీ, చీమ కుట్టినట్టే ఉంటది. ఎనకట లెక్క జంతువును కోసినట్టు కోస్తలేరు" అన్నాడు.

జంతువును కోసినట్టట! ఇంకొకడెవడైనా అయితే వేడి గరిటెతో నెత్తి మీద ఒకటి ఇచ్చేది. "అవునయ్యా, చీమే కుట్టినట్టు" అంది మంజుల. నెయ్యి డబ్బా అట్లాగే ఇంటికి వెళ్ళి అరలోకి చేరింది.

ఆ తర్వాత ఇంకో వింత మొదలైంది. స్నేహలత మధ్యాహ్నం పథ్యం రెండు ముద్దలు కెలికి, "డాక్టరమ్మ నడువుమన్నదక్కా, జర సెంట్రల్ లైబ్రరీ దాకా పోయొస్త" అని రోజూ బయటపడేది. గంటకు తిరిగొచ్చేది. కొంగు మీద బ్రెడ్డు పొడి లాంటిదేదో రాలి ఉండేది. ముఖం నిగనిగలాడేది. బుగ్గలు కూడా వచ్చాయి. పథ్యం తిని ఒళ్ళు చేసే మనిషిని ఎక్కడన్నా చూశారా? తనకైతే అప్పుడు గాజులు మోచేతి దాకా జారిపోయాయి. దీనికి జబ్బు కూడా కలిసొస్తోంది చూడు, అని మంజుల మూతి ముడుచుకుంది.

ఆపరేషన్ ముందురోజు నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. డాక్టర్ అనూహ్య మంజులను, ఉదయ్ కుమార్‌ను తన గదిలోకి పిలిచి, మర్నాడు ఏం చేయబోతోందో కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

"గడ్డ చుట్టూ మందులో తడిపిన గుడ్డలు పరుస్తాం. సూదితో లోపలి నీళ్ళు పీల్చేసి, పురుగును చంపే ఉప్పునీళ్ళు లోపలికి ఎక్కిస్తాం. కాసేపాగి అవీ పీల్చేసి, లోపలి పొరను సంచీలో వేసి బయటికి లాగుతాం. ఇందులో భయమంతా ఒక్కటే. ఆ నీళ్ళు చుక్క కూడా కడుపులో పడకూడదు. బతికున్న పురుగుతో పడితే కడుపంతా కొత్త గడ్డలు మొలుస్తాయి. ఒక్కోసారి ఆ నీళ్ళు పడగానే ఒళ్ళు తట్టుకోదు. బీపీ పడిపోయి టేబుల్ మీదే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందునుంచీ ఆ గోలీలు."

ఉదయ్ కుమార్ ముఖం పాలిపోయింది. "గోలీలు ఒక్క పూట కూడ తప్పలేదు మేడమ్. మా వదిన దగ్గరుండి ఏపిచ్చింది" అన్నాడు.

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట మరిది ముందు అనలేక మంజుల లేచి బయటికి వచ్చేసింది.

తెల్లారేసరికి ఆమె కళ్ళు ఎర్రబారి ఉన్నాయి. స్నేహలతకు ఆకుపచ్చ గౌను తొడిగి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఉదయ్ కుమార్ ఏదో ఇంజెక్షన్ తేవడానికి కింద మందుల షాపుకు పోయాడు. నర్సు స్ట్రెచర్ నెట్టుకుంటూ ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వచ్చేసరికి మంజుల పరుగెత్తుకొచ్చి కడ్డీ పట్టుకుంది.

"ఆపుండ్రి! ఇయ్యాల వద్దు ఆపరేషన్!"

"ఏమైందమ్మా?" అని నర్సు కంగారుపడింది.

"సిస్టర్, ఒక్క నిమిషం. మా అక్క నాతోని మాట్లాడాలె" అంది స్నేహలత. నర్సు నాలుగడుగులు అవతలికి పోయి నిలబడింది.

మంజుల వంగి ఏడుపును దిగమింగుకుంటూ చెప్పేసింది. "స్నేహా, ఆ గోలీ నెయ్యితోని ఏసుకోవాల్నట. లేకుంటే పనిచెయ్యదట. డాక్టరమ్మ మొదటి దినమే నాకు చెప్పింది. నేను నీకు చెప్పలే. కావాల్ననే చెప్పలే. నీ కడుపుల పురుగు సావలేదే, లోపలికి పోకే!"

"సచ్చిందక్కా" అంది స్నేహలత.

"ఆఁ?"

"మొన్నటి స్కానింగ్ల లోపలి పొర ఊడి నీళ్ళల్ల తేలుతున్నదట. మందు మంచిగ పట్టిందన్నది డాక్టరమ్మ. నడిమిట్ల నేనొక్కదాన్నే పోయిన సూడు, గప్పుడే అడిగింది, మీ అక్క నెయ్యి బాగ ఏస్తున్నదా అని. ఏస్తున్నది మేడమ్ అన్న. ఆ దినం నుంచి పగటి గోలీ నీ ముందల మింగినట్టు చేసి, ఈడ నారాయణగూడ ఇరానీ హోటల్ల వెన్న పూసిన బన్ మస్కతోని ఏసుకున్న. రాత్రి గోలీ మన దుకాణంల నీ గుత్తొంకాయ కూర మీది నూనెతోని. నూనె మస్తు పోస్తవ్ గదా నువ్వు."

మంజులకు ఆ కొంగు మీద రాలిన బ్రెడ్డు పొడి గుర్తొచ్చింది. "మరి నన్నెందుకు అడగలే? ఇంట్ల ఎందుకు చెప్పలే? ఉదయ్‌కు తెలుసా?"

"ఎవ్వరికి తెల్వదు. చెప్తే నీ మాట పోతది గదక్కా. ఇంట్ల నీకున్నది గా మాట ఒక్కటే."

స్నేహలత ఎత్తిపొడుస్తూ అనలేదు. ఎండగా ఉంది అన్నంత మామూలుగా అంది. నర్సు వచ్చి స్ట్రెచర్ లోపలికి నెట్టింది. తలుపు మూసుకుంది.

మంజుల బయట బెంచీ మీద కూర్చుంది. ముందు ప్రాణం తేలికపడింది, ఇంట్లో దేవుళ్ళందరికీ దండం పెట్టుకుంది. దండం పెట్టిన చేతులు దించేలోపలే మళ్ళీ మంట అందుకుంది. ఇంట్ల నీకున్నది గా మాట ఒక్కటేనట! ఎంత ధైర్యం! నిజమే కాబట్టి ఇంకా మండింది. చంపుకు తిన్నా ఇంత కోపం వచ్చేది కాదు. జాలిపడింది, తన మీద జాలిపడి దాచిపెట్టింది, ఆ చిన్నది!

ఎండ నడినెత్తికొచ్చే వేళకు డాక్టర్ అనూహ్య స్టీలు గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. కడుపులోంచి తీసింది ఇంటివాళ్ళకు చూపించడం అక్కడ ఆనవాయితీ. గిన్నెలో తెల్లగా, ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలా వణుకుతున్న పొర. ఉదయ్ కుమార్ చూడలేక తల తిప్పుకున్నాడు. మంజుల మాత్రం కళ్ళార్పకుండా చూసింది.

"చుక్క బయట పడలేదు. అంతా బాగా జరిగింది. గోలీ అద్భుతంగా పనిచేసింది." డాక్టర్ మంజుల భుజం తట్టింది. "మీరు పెట్టిన తిండి చలవే."



అన్నట్టుగానే నాలుగోనాడు స్నేహలత ఇంటికొచ్చింది. గొట్టం లేదు, సంచీ లేదు, ఒళ్ళు తుడిచే పనీ లేదు, ఇంకొన్నాళ్ళు ఆ గోలీలు వేసుకోవాలంతే. మంజుల వేడినీళ్ళు పెట్టి, తువ్వాలు తడిపి తెచ్చేసరికి ఆమె తనంతట తనే ముఖం కడుక్కుని జడ వేసుకుంటోంది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన వంతు అట్లా చేతిదాకా వచ్చి తప్పిపోయింది. ఆ తడి తువ్వాలుతో ఏం చేయాలో తెలియక మంజుల బల్ల తుడిచింది.

ఆదివారం మధ్యాహ్నం గాంధీనగర్ నుంచి చుట్టం విద్యావతి చూడటానికి వచ్చింది. హనుమమ్మకు చెల్లెలి వరస, కోడళ్ళకు చిన్నత్త. ముందు గదిలో అందరూ కూర్చున్నారు. స్నేహలత మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది.

"ఏదమ్మా, చూపియ్యి, యాడ కోసిండ్రు?" అంది విద్యావతి.

"చూసేతందుకు ఏముంది చిన్నత్తమ్మా, నాలుగు పట్టీలు. ఆపరేషనంటే మా అక్కది" అని స్నేహలత నవ్వింది.

"గంతేలే. అయినా ఇదంత మా మంజుల పుణ్యం. పథ్యం పెట్టి నిలబెట్టింది" అంది విద్యావతి.

"మరి? మా ఇంటామె చేతి పథ్యమంటే మామూలా" అని శ్రీపతి మీసం దువ్వాడు. హనుమమ్మ కూడా "దానికి తెలుసు" అంది.

స్నేహలత బత్తాయి తొన నోట్లో వేసుకుని, "అవ్ చిన్నత్తమ్మా, అక్క పథ్యం పెట్టకపోతే నేనేడుందు?" అంది. అని మంజుల వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. నీ మాట భద్రంగా ఉందక్కా, అన్న నవ్వు అది.

అదిగో, అక్కడ తెగింది మంజులకు. అక్క అనే పిలుపు దానికే, కోతలేని ఆపరేషనూ దానికే. కడాఖరుకు మంచితనం కూడా దానికేనా? జీవితాంతం అది దాస్తుంటే, ఆ దాపరికం నీడన తను పెద్దరికం వెలగబెట్టాలా? ఛీ! పశ్చాత్తాపమని మీరు అనుకుంటే అనుకోండి గానీ, మంజుల నోరు తెరిచింది మాత్రం ఒట్టి ఓర్వలేనితనంతోనే.

"పథ్యం పెట్టొద్దన్నది డాక్టరమ్మ" అంది.

"ఏందీ?" అన్నాడు శ్రీపతి.

"నెయ్యి ఎయ్యమన్నది. నెయ్యి లేకుంటే గోలీ పట్టదని మొదటి దినమే నాకు చెప్పింది. నేనే ఎవ్వరికి చెప్పలే. ఇది హోటల్ల తిని, నాకు తెల్వకుండ పాణం దక్కించుకున్నది. నా పేరు పోవద్దని మీకు చెప్పలే."

విద్యావతి చేతిలోని టీ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

"ఎందుకే?" అని హనుమమ్మ అడిగింది.

"ఓర్వలేక అత్తమ్మా. నన్ను ఇంత పొడుగు కోసిండ్రు. దానికి నాలుగు పొక్కలేనా అని ఓర్వలేక."

ఉదయ్ కుమార్ లేచాడు. వదిన వైపు చూడకుండా చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. శ్రీపతి తల వంచుకున్నాడు. ఇక ఈ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా తనను అడగరని మంజులకు తెలిసిపోయింది.

"ఎందుకు చెప్పినవక్కా!" స్నేహలత గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇన్ని దినాలు దాసిపెట్టుకుంట వచ్చిందంత ఖరాబ్ చేసినవ్! నిన్నెవరడిగిండ్రు?" అని అరవబోయి, పట్టీలున్న చోట నొప్పి కలుక్కుమంటే పక్క పట్టుకుని వంగిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. ఇన్నేళ్ళలో ఆమె ఏడవడం మంజుల చూడటం అదే మొదలు. చెప్పొద్దూ, చాలాకాలానికి మంజుల కడుపు చల్లబడింది.

"గోలీ టైమైంది" అని మంజుల వంటింట్లోకి పోయింది. అరలోంచి నెయ్యి డబ్బా తీసి మూత తిప్పింది. వేడన్నంలో పప్పు వేసి, పైన నెయ్యి పోసింది, పోస్తూనే ఉంది. పళ్ళెం తెచ్చి అందరి ముందే మంచం పక్కన కూర్చుని కలిపి ముద్ద చేసింది. స్నేహలత ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"ఇటు తిరుగు" అంది మంజుల.

"నాకొద్దు."

"నా మాటెట్లాగూ పోయింది. నా చెయ్యన్న ఉండనియ్యే."

స్నేహలత కళ్ళు తుడుచుకోకుండానే ఇటు తిరిగి నోరు తెరిచింది. మంజుల ముద్ద పెట్టింది.

"నెయ్యి ఎక్కువైంది" అంది స్నేహలత, నోటినిండా అన్నంతో.

"ఎక్కువే ఉండాల్నట" అంది మంజుల, ఇంకో ముద్ద చేస్తూ.